మాస్కా, కిటికీయా, శానిటైజరా? కరోనా సోకకుండా దేనికి ఎంత విలువివ్వాలి

బయటి నుంచి తెచ్చిన ప్రతి ప్యాకెట్టూ తుడుస్తాం. తలుపు గొళ్లేనికి శానిటైజర్ కొడతాం. ఆ తర్వాత కిటికీలన్నీ బిగించిన ఏసీ గదిలో మాస్కుల్లేకుండా పది మందిమి కూర్చుని గంటసేపు మాట్లాడుకుంటాం. కరోనా కాలంలో చాలాచోట్ల జరిగింది ఇదే. జాగ్రత్తకు లోటు లేదు గానీ, అదంతా సందు దారికి కాపలా కాయడానికే సరిపోయింది, సింహద్వారం బార్లా తెరిచే ఉంది. ఇప్పటికీ దగ్గులూ జలుబులూ మొదలవగానే "ఏ శానిటైజర్ మంచిది?" అనే అడుగుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: పక్కవాళ్లు వదిలిన గాలిని నేనెంత పీలుస్తున్నాను, ఎంతసేపు పీలుస్తున్నాను? ఇక్కడ మాస్కుల నుంచి టెస్టుల దాకా దేన్ని దేనితో పోల్చినా నా కొలబద్ద అదే.

వైరస్ ఏ దారిన వస్తుంది

కరోనా వైరస్‌లలో 229ఈ, ఓసీ43, ఎన్ఎల్63, హెచ్‌కేయూ1 అనే నాలుగు రకాలు ఏళ్ల తరబడి మనుషులకు మామూలు జలుబు తెప్పిస్తూనే ఉన్నాయి. ఇదే కుటుంబంలోని వేరే వైరస్‌లు తెచ్చే సార్స్ 2002లో, మెర్స్ 2012లో, కోవిడ్-19 2019 చివర్లో బయటపడ్డాయి. జబ్బు తీవ్రతలో వీటి మధ్య చాలా తేడా ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా కోవిడ్ గురించే, కానీ ఇందులోని జాగ్రత్తలు మామూలు జలుబు వైరస్‌లకూ, ఫ్లూకూ పనికొస్తాయి.

దగ్గితేనే తుంపరలు వస్తాయనుకుంటాం. మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా వస్తాయి. పెద్దవి ఒకటి రెండు మీటర్ల లోపే నేలరాలతాయి. సన్నవి అంత తొందరగా రాలవు. 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర కదలిక లేని గాలిలో మనిషి నోటి ఎత్తు నుంచి నేలకు దిగాలంటే సుమారు అరగంట పడుతుంది. గదిలో మనుషులు తిరుగుతుంటే, ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఎక్కువసేపు తేలుతూనే ఉంటుంది. సిగరెట్ పొగ ఎలా పోతుందో ఊహించుకోండి. తాగేవాడి పక్కనే ఉంటే ఘాటుగా తగులుతుంది, మూసిన గదిలో కాసేపటికి మూలమూలకూ పాకుతుంది, ఆరుబయట ఇట్టే చెదిరిపోతుంది. వైరస్ ఉన్న ఊపిరి కూడా దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది, కాకపోతే కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు.

ఈ సంగతి ఒప్పుకోవడానికి పెద్ద సంస్థలకే చాలాకాలం పట్టింది. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది జులైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి ద్వారా వ్యాపించే ముప్పును గుర్తించాలంటూ బహిరంగ లేఖకు మద్దతిచ్చారు. సంస్థ తన సమాచారంలో ఆ విషయం స్పష్టంగా చేర్చేసరికి 2021 వచ్చింది. ఈలోగా జనం మనసుల్లో సబ్బు, శానిటైజర్, రెండు గజాల దూరం ముద్రపడిపోయాయి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టారు, కరచాలనాలు, కౌగిలింతలు మానుకున్నారు. అయినా, నిర్ధారణ అయినవీ అనుమానిత కేసులూ కలిపి లెక్క 53కి చేరింది, ఇద్దరు చనిపోయారు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, పీల్చిన గాలే చెడ్డది.

మాస్కుల్లో ఏది?

గుడ్డ మాస్కు గుడ్డిలో మెల్ల. వేసుకున్నవాళ్ల నోటి నుంచి వచ్చే పెద్ద తుంపరల్ని ఆపుతుంది, సన్నవాటిని చాలావరకు వదిలేస్తుంది. వేరే గతి లేనప్పుడు వాడండి, దాన్ని నమ్ముకుని రోగి గదిలోకి మాత్రం వెళ్లకండి.

సర్జికల్ మాస్కుది ఇంకో కథ. దాని మధ్య పొర సన్నటి పాలిప్రొపిలీన్ పోగులది, వడపోత బాగానే ఉంటుంది. లోపమంతా అంచుల్లోనే. చెంపల దగ్గర వేలు దూరేంత సందు ఉంటే గాలి పొరలోంచి ఎందుకు వస్తుంది, సందులోంచే వస్తుంది. దాని మీద బిగుతుగా ఉండే గుడ్డ మాస్కు వేసి అంచుల్ని అదిమితే కొంత మెరుగు.

ఎన్95 అంటే పరీక్షలో 0.3 మైక్రాన్ల ప్రాంతంలోని కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాల్సిన మాస్కు. ఐరోపా ఎఫ్ఎఫ్‌పీ2కి ఆ లెక్క 94 శాతం, చైనా ప్రమాణమైన కేఎన్95కి 95 శాతం. "వైరస్ 0.1 మైక్రానే కదా, మాస్కు రంధ్రాల్లోంచి దూరిపోదా?" అని వాదించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మాస్కు జల్లెడలా పనిచేయదు. 0.3 మైక్రాన్ల పరిమాణం పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది కాబట్టే పరీక్షకు దాన్ని ఎంచుకున్నారు. అంతకన్నా చిన్న కణాలు తిన్నగా పోలేక అటూ ఇటూ కొట్టుకుంటూ పోగులకు తగులుకుంటాయి. పెద్దవి మలుపు తిరగలేక పోగుల్ని గుద్దుకుంటాయి. పైగా ఆ పోగుల్లో స్థిర విద్యుత్తు ఉంటుంది, దగ్గరకొచ్చినదాన్ని లాగేస్తుంది. వైరస్ కూడా ఒంటరిగా ఎగరదు, తుంపరలో ఇమిడి వస్తుంది.

స్థిర విద్యుత్తు సంగతి తెలిస్తే ఇంకో విషయం కూడా అర్థమవుతుంది. ఎన్95ని సబ్బుతో ఉతికినా, దాని మీద శానిటైజర్ చల్లినా ఆ విద్యుత్తు పోతుంది. చూడ్డానికి మాస్కు శుభ్రంగానే ఉంటుంది, పనితనం మాత్రం పడిపోతుంది. వాడినదాన్ని కాగితం కవర్లో వేసి కొన్ని రోజులు ఆరనిచ్చి మళ్లీ పెట్టుకోవచ్చు. పట్టీలు సాగిపోయినా, మాస్కు నలిగి ముఖానికి అంటుకోకపోయినా, తడిసినా, ఊపిరి కష్టమైనా ఇక పారేయాల్సిందే.

కొనడం కన్నా పెట్టుకోవడంలోనే ఎక్కువమంది తడబడతారు. ఎన్95కి రెండు పట్టీలుంటాయి. పైది నడినెత్తికి కాస్త వెనకగా, కిందది చెవుల కింద మెడ మీదుగా పోవాలి. కింది పట్టీని గడ్డం కింద వేలాడదీసి తిరిగేవాళ్లు మాస్కును సగమే వాడుతున్నట్టు. ముక్కు మీది లోహపు పట్టీని ఒక చేత్తో గిల్లితే మధ్యలో కొనదేరి పక్కన సందు పడుతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి చెంపల వైపు నొక్కుకుంటూ పోవాలి. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్లకు గాలి తగిలినా, కళ్లద్దాలు మసకబారినా పైన సందు ఉన్నట్టే. గట్టిగా పీల్చినప్పుడు మాస్కు కొద్దిగా లోపలికి లాక్కోవాలి. గడ్డం ఉంటే అంచు చర్మానికి ఆనదు, అప్పుడు ఎంత మంచి ఎన్95 అయినా దాని శక్తి చాలావరకు తగ్గిపోతుంది.

చెవులకు తగిలించే కేఎన్95 రకాలు తేలిగ్గా ఉంటాయి, పట్టు తక్కువ. తల వెనక రెండు తాళ్లనూ కలిపే చిన్న కొక్కెం వాడితే బిగుస్తాయి. నా ఎంపిక అడిగితే, ముఖానికి సరిగ్గా అతికే కేఎన్95నే వదులుగా ఉన్న ఎన్95 కన్నా ముందు తీసుకుంటాను. వాల్వు ఉన్న మాస్కు మాత్రం వద్దు. అది మీరు పీల్చే గాలిని వడకడుతుంది, వదిలే గాలిని అలాగే బయటికి పంపుతుంది. ముఖానికి అడ్డంగా పెట్టుకునే ప్లాస్టిక్ షీల్డు కళ్లలో తుంపర పడకుండా చూస్తుంది, మాస్కుకు బదులు కాదు. రెండేళ్ల లోపు పిల్లలకు ఏ మాస్కూ పెట్టకూడదు.

ఆసుపత్రి వెయిటింగ్ హాలు, కిక్కిరిసిన బస్సు, లిఫ్టు, రోగి ఉన్న గది: వీటికి ఎన్95 స్థాయి తప్ప ఇంకోటి వద్దంటాను. ఆరుబయట ఖాళీ రోడ్డు మీద నడుస్తుంటే మాస్కే అక్కర్లేదు.

గాలి కోసం ఏం చేయాలి: కిటికీ, ఫ్యాను, ఏసీ, ప్యూరిఫైయర్

మాస్కు మీరొక్కరు వేసుకుంటే ప్రధానంగా మీకు. గాలి మారితే గదిలో అందరికీ. పైగా గాలి మార్చడానికి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. అందుకే, చేయగలిగిన చోట, నేను ముందు చూసేది కిటికీనే.

ఒక కిటికీ తెరిస్తే కొంత మేలు, ఎదురెదురుగా రెండు తెరిస్తే చాలా మేలు. ఒకవైపు నుంచి వచ్చిన గాలి రెండోవైపు నుంచి బయటికి పోయే దారి దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాను గాలిని తిప్పుతుందే గాని మార్చదు. కిటికీలు మూసి ఫ్యాను వేస్తే ఒక మూలనున్న వైరస్ గదంతా తిరుగుతుంది. దానికన్నా ఎగ్జాస్ట్ ఫ్యాను మేలు. అది లేకపోతే స్టాండు ఫ్యానును కిటికీ దగ్గర బయటివైపు తిప్పి పెట్టండి, లోపలి గాలిని బయటికి తోస్తుంది.

మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి ఒక్క చుక్క కూడా తేదు. అందులోని జాలి దుమ్ము కోసం పెట్టినది, వైరస్ తుంపరల కోసం కాదు. ఏసీ వేసుకోవాల్సి వస్తే కిటికీ రెక్క ఓ జానెడు తీసి ఉంచండి. కరెంటు బిల్లు పెరుగుతుంది, నిజమే.

గాలి మారుతోందో లేదో కంటికి తెలియదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ మీటరు పనికొస్తుంది. బయటి గాలిలో ఆ వాయువు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 420 వంతులు. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000 పీపీఎం. గదిలో అంకె పెరుగుతోందంటే పక్కవాళ్ల ఊపిరి మీ ముక్కులోకి ఎక్కువెక్కువగా వస్తోందని అర్థం. 800 దాటకుండా చూసుకోవడం మంచి గుర్తు. మూసిన గదిలో నలుగురు కూర్చుంటే ఆ అంకె ఎంత తొందరగా ఎగబాకుతుందో ఒక్కసారి చూస్తే కిటికీ తెరవమని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

కిటికీ లేదు, ఉన్నా తెరవలేరు. అప్పుడు హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫైయర్. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపడం హెపా ప్రమాణం. కానీ కొనేటప్పుడు చూడాల్సింది ఆ శాతాన్ని కాదు, సీఏడీఆర్ అనే అంకెను: గంటకో నిమిషానికో ఎంత శుభ్రమైన గాలిని ఇస్తుందో అదే చెబుతుంది. లెక్క తేలికే. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో 1,440 ఘనపు అడుగుల గాలి ఉంటుంది. గంటకు కనీసం ఐదుసార్లు గాలి మారినంత ప్రభావం ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో సూచించింది. అంటే గంటకు 7,200, నిమిషానికి 120 ఘనపు అడుగులు. మీటర్లలో చెబితే గంటకు సుమారు 204 ఘనపు మీటర్లు. డబ్బా మీద రాసే సీఏడీఆర్ మామూలుగా గరిష్ఠ వేగానిది. రొద భరించలేక చాలామంది అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టుకుంటారు, అప్పుడు ఆ అంకె బాగా పడిపోతుంది. కాబట్టి లెక్కకు వచ్చినదాని కన్నా పెద్దది తీసుకుని మధ్య వేగంలో నడపడం మేలు.

ఒక మెలిక ఉంది. ప్యూరిఫైయర్ తుంపరల్ని పట్టుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోదు. అది నడుస్తున్న గదిలో మీటరు ఎక్కువ చూపినా కంగారు పడక్కర్లేదు, ముప్పు ఆ అంకె చెప్పేదాని కన్నా తక్కువే ఉంటుంది. అలాగని రోజంతా మూసుకుని కూర్చోమని కాదు.

ఖర్చు తగ్గాలంటే సన్నటి కణాల్ని కూడా పట్టే మెర్వ్-13 రకం ఫిల్టర్లు నాలుగింటిని నాలుగు గోడలుగా నిలబెట్టి, పైన చదరపు బాక్సు ఫ్యాను పెట్టి, టేపుతో అతికించే పద్ధతి ఉంది. అమెరికా ఇంజినీరు రిచర్డ్ కోర్సీ, ఫిల్టర్ల కంపెనీ నడిపే జిమ్ రోసెంథాల్‌ల ఆలోచనతో 2020లో పుట్టింది కాబట్టి కోర్సీ-రోసెంథాల్ పెట్టె అంటారు. అందచందాలు సున్నా, పనితనం మాత్రం కొన్న యంత్రాలకు తీసిపోదు. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి మాత్రం పోకండి, ఓజోన్ ఊపిరితిత్తులకే హాని. అయానైజర్ బటన్ ఉంటే ఆపేసి వాడండి. అతినీలలోహిత దీపాలు నిపుణులు గది పైభాగంలో అమర్చినప్పుడు బాగా పనిచేస్తాయి. ఇంట్లో చేత్తో పట్టుకుని ఊపుకునే దీపాలు కళ్లకూ చర్మానికీ ప్రమాదం.

సబ్బు, శానిటైజర్, తుడవడం

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీల్చేస్తుంది. 20 సెకన్లు రుద్దాలి. నీళ్లు లేనిచోట కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్, ఆరేదాకా రుద్దుకోవాలి. మిథనాల్ కలిసినది విషం. రెండూ అందుబాటులో ఉంటే సబ్బే తీసుకోండి: మురికినీ వదిలిస్తుంది, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివాటి మీద శానిటైజర్ కన్నా మెరుగ్గా పనిచేస్తుంది.

ప్లాస్టిక్, స్టీలు మీద వైరస్ 72 గంటల దాకా బతికిందన్న 2020 నాటి ప్రయోగం అందరినీ హడలగొట్టింది. ప్రయోగశాలలో బతకడం వేరు, అక్కడి నుంచి మీ ముక్కులోకి చేరి జబ్బు చేయడం వేరు. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం మామూలుగా 10,000లో ఒకటి కన్నా తక్కువని సీడీసీ 2021 ఏప్రిల్‌లో అంచనా వేసింది. ప్యాకెట్లు తుడిచే ఓపిక ఉంటే ఆ ఓపికను కిటికీ మీద పెట్టండి.

టెస్టు: ర్యాపిడ్ కిట్టా, ఆర్‌టీపీసీఆరా?

ఏ టెస్టు మంచిదన్నది దేనికోసం చేయించుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ర్యాపిడ్ యాంటిజెన్ కిట్టు అరగంట లోపే ఫలితం చెబుతుంది, కానీ వైరస్ బాగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది. పాజిటివ్ వస్తే నమ్మండి. లక్షణాలుండి నెగెటివ్ వస్తే దాన్ని క్లీన్ చిట్ అనుకోకుండా 48 గంటలాగి మళ్లీ చేయండి. ఆర్‌టీపీసీఆర్ కొద్దిపాటి వైరస్‌ను కూడా పట్టేస్తుంది. ఆ చురుకుదనమే ఒక్కోసారి ఇబ్బంది: జబ్బు తగ్గాక కూడా వైరస్ తునకలు దొరికి వారాల తరబడి పాజిటివ్ చూపవచ్చు.

కాబట్టి జబ్బు ఉందా లేదా తేల్చడానికి ఆర్‌టీపీసీఆర్, ఇవాళ నా నుంచి ఇంకొకరికి అంటుతుందా అని చూసుకోవడానికి ర్యాపిడ్. ముసలివాళ్లను చూడ్డానికి వెళ్తుంటే ముందు రోజు రాత్రి కాక, బయల్దేరే ముందు చేసుకోండి. గుమ్మం దగ్గర నుదుటికి పెట్టే జ్వరం తుపాకీ మాత్రం ఉత్త తంతు. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి వైరస్‌ను అంటించగలడు, జ్వరం రానివాళ్లూ అంటించగలరు.

వయసు మీరినవాళ్లకూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకూ పాజిటివ్ వస్తే డాక్టరుతో ఆ రోజే మాట్లాడాలి. కోవిడ్ వైరస్‌ను అణిచే నిర్మట్రెల్విర్-రిటోనవిర్ మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల లోపే మొదలుపెట్టాలి, అవి చాలా మందులతో పడవు కూడా. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

టీకా వేసుకుంటే మాస్కు మానేయొచ్చా?

రెండూ వేర్వేరు పనులు. టీకా జబ్బు ముదరకుండా, ప్రాణాల మీదికి రాకుండా కాపాడుతుంది, ఆ రక్షణ ఎక్కువకాలం నిలుస్తుంది. అసలు సోకకుండా ఆపే శక్తి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. మాస్కు, గాలి ఆ రెండో పని చేస్తాయి. ఇక ఆవిరి పట్టడం వైరస్‌ను చంపదు, ముక్కు దిబ్బడకు కాస్త ఊరట అంతే. మరిగే నీళ్ల గిన్నె మీద పిల్లల్ని వంచితే ఒళ్లు కాలే ప్రమాదమే ఎక్కువ.

ఇంట్లో ఒకరికి వచ్చాక

ఇక్కడ అన్నీ ఒకేసారి చేయడం కుదరదు, వరుస ఉండాలి. కిటికీ ఉన్న గది రోగికి. ఆ కిటికీలోంచి గాలి బయటికి పోయేలా ఫ్యాను, తలుపు వీలైనంత మూసి. రోగి గదిలోని గాలి వీధిలోకి పోవాలి తప్ప హాల్లోకి రాకూడదు. లోపలికి వెళ్లేవాళ్లు ఎన్95 పెట్టుకుని వెళ్లి, పని అయ్యాక బయటికొచ్చి తీయాలి. ఎవరైనా వచ్చినప్పుడు రోగి కూడా మాస్కు పెట్టుకోగలిగితే రెండింతల మేలు. స్నానాల గది ఒకటే అయితే రోగి వాడాక ఎగ్జాస్ట్ కాసేపు తిరగనివ్వండి. గిన్నెలు మామూలు సబ్బుతో కడిగితే చాలు.

ఇల్లే ఒక గది అనుకోండి. అప్పుడు కిటికీ, తలుపు రెండూ తెరవండి, మంచాల తలవైపులు దూరంగా పెట్టండి, భోజనం వేర్వేరు వేళల్లో కానివ్వండి. తినేటప్పుడు మాస్కు ఉండదు కదా, అందరూ ఒకే చోట నోళ్లు తెరిచే సమయం అదే. ప్యూరిఫైయర్ ఉంటే రోగికి దగ్గరగా పెట్టండి.

ఆక్సీమీటరు ఉంటే చూస్తుండండి. ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే డాక్టరుకు చెప్పండి. గోళ్ల రంగు ఉంటే తప్పు చూపవచ్చు, చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్లకు అసలుకన్నా ఎక్కువ చూపే అవకాశమూ ఉంది. అంకె బాగానే ఉన్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, తికమకగా మాట్లాడటం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

రోగి ఎప్పుడు బయటికి రావచ్చు? మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకుండా, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టాక రావచ్చని, ఆ తర్వాత ఇంకో 5 రోజులు మాస్కు, గాలి జాగ్రత్తలు పాటించాలని సీడీసీ 2024 మార్చి నుంచి చెబుతోంది. ఇంట్లో ముసలివాళ్లుంటే నేను దానికి ఇంకో మెట్టు కలుపుతాను: 48 గంటల తేడాతో రెండు ర్యాపిడ్ టెస్టులు నెగెటివ్ వచ్చేదాకా వాళ్లతో కలిసి భోజనానికి కూర్చోకపోవడం.